అక్షాంశాలతో భూమ్మీద చోటును గుర్తించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లోబు మీద అడ్డంగా కనిపించే గీతల గురించి బడిలో అందరం చదువుకున్నాం. పరీక్ష అయిపోగానే చాలామంది మర్చిపోతారు. వాటిని గీతలుగానే చూపించి, ఆకాశంతో వాటికున్న సంబంధం చెప్పకపోవడమే అందుకు కారణమని నా అభిప్రాయం. నా దృష్టిలో ఆ సంబంధమే అసలు విషయం. అందుకే కింది జవాబుల్లో దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

అక్షాంశం అంటే భూమి మీద గీసిన గీతా?

కాదు, అది ఒక కోణం. పేరులోనే ఆ సంగతి ఉంది: ‘అంశ’ అంటే డిగ్రీ. మీరున్న చోటి నుంచి నేరుగా ఉత్తరానికో దక్షిణానికో వెళ్తే భూమధ్యరేఖ తగులుతుంది కదా, ఆ చోటికి భూమి నడిబొడ్డు నుంచి ఒక తాడు లాగారనుకోండి. ఇంకో తాడు మీ కాళ్ల కిందికి లాగారనుకోండి. రెండు తాళ్ల మధ్య ఎంత కోణం ఉందో అదే మీ అక్షాంశం. భూమధ్యరేఖ మీద నిలబడితే రెండు తాళ్లూ ఒకటే కాబట్టి 0°. ధ్రువం మీద నిలబడితే 90°. అంతకు మించిన అక్షాంశం భూమ్మీద ఎక్కడా ఉండదు.

ఒకే కోణం ఉన్న చోట్లన్నిటినీ కలుపుకుంటూ పోతే భూమి చుట్టూ ఒక వృత్తం వస్తుంది. అట్లాసులో కనిపించే గీతలు ఆ వృత్తాలే. పుస్తకంలో పది డిగ్రీలకో పదిహేను డిగ్రీలకో ఒకటి గీస్తారు గానీ, నిజానికి మీ రెండు పాదాల కిందా రెండు వేర్వేరు అక్షాంశాలు ఉండొచ్చు.

సున్నా ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయించారు?

ఎవరూ నిర్ణయించలేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది కాబట్టి, తిరగకుండా నిలిచే రెండు బిందువులు వాటంతట అవే ఏర్పడ్డాయి. అవే ధ్రువాలు. వాటికి సమాన దూరంలో, సరిగ్గా నడుమన ఉన్న వృత్తం భూమధ్యరేఖ. ఏ దేశంవాళ్లు లెక్క మొదలుపెట్టినా సున్నా అక్కడికే వస్తుంది.

తూర్పు పడమరల స్థానం చెప్పే రేఖాంశాల కథ వేరు. అక్కడ సున్నా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ప్రాచీన గ్రీకు ఖగోళవేత్త టాలెమీ పశ్చిమాన తనకు తెలిసిన చివరి దీవుల దగ్గర పెట్టాడు. ఫ్రెంచివాళ్లు చాలాకాలం పారిస్‌లో పెట్టుకున్నారు. చివరికి 1884లో వాషింగ్టన్‌లో సమావేశమై, ఓటింగ్ పెట్టి గ్రీనిచ్‌ను ఎంచుకున్నారు. అక్షాంశానికి ఓటింగ్ అక్కర్లేదు. నాకు అక్షాంశం మీద ఉన్న ఇష్టానికి ఇదో కారణం.

అక్షాంశం ఒక్కటే తెలిస్తే ఊరు దొరుకుతుందా?

దొరకదు. అది చిరునామాలో సగమే. ‘ఉత్తర అక్షాంశం సుమారు 40°’ అని మాత్రమే చెబితే అది మాడ్రిడ్ కావచ్చు, అంకారా కావచ్చు, బీజింగ్ కావచ్చు, ఫిలడెల్ఫియా కావచ్చు. అట్లాంటిక్ నడిమధ్యన ఏ దీవీ లేని చోటైనా కావచ్చు. ఆ వృత్తం మీద ఎక్కడున్నారో చెప్పడానికి రేఖాంశం కావాలి. రెండూ కలిస్తే ఒకే ఒక్క చోటు వస్తుంది.

అయితే ఈ సగం చిరునామా చెప్పేది తక్కువేమీ కాదు. జూన్‌లో పగలు ఎంతసేపు ఉంటుంది, సూర్యుడు ఎప్పుడైనా నడినెత్తికి వస్తాడా, రాత్రి ఏ నక్షత్రాలు కనిపిస్తాయి అనే మూడు ప్రశ్నలకూ రేఖాంశంతో పనిలేకుండానే జవాబు చెప్పొచ్చు.

ఒక డిగ్రీ అంటే ఎంత దూరం?

ఉత్తర దక్షిణాలుగా సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం, అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. నావికుల నాటికల్ మైలు పుట్టింది దీన్నుంచే. ఇప్పుడు దాన్ని కచ్చితంగా 1,852 మీటర్లుగా తీసుకుంటారు. నిమిషంలో అరవయ్యో వంతు ఒక సెకను, సుమారు 31 మీటర్లు.

ఈ లెక్కకు చాలా పాత చరిత్ర ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరతోస్తనీస్ భూమి చుట్టుకొలత కట్టింది అక్షాంశాల తేడాతోనే. వేసవిలో పగలు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రోజున, మిట్టమధ్యాహ్నం సయీన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అదే వేళ అలెగ్జాండ్రియాలో మాత్రం నిలువు కర్రకు నీడ పడుతుంది, ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు, అంటే 7.2°. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని యాభై రెట్లు చేస్తే భూమి చుట్టుకొలత వచ్చేసింది. సయీన్ అంటే ఇప్పటి అస్వాన్. ఇవాళ్టి మ్యాపులో అలెగ్జాండ్రియా 31.2° దగ్గర, అస్వాన్ 24.1° దగ్గర ఉన్నాయి. తేడా 7.1°. కర్ర నీడతో అంత దగ్గరికి వచ్చాడు.

ఇక తూర్పు పడమరలుగా చూస్తే లెక్క మారిపోతుంది. అక్షాంశ వృత్తాలన్నీ ఒకే పొడవు ఉండవు. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. 60° దగ్గరి వృత్తం అందులో సగమే. ధ్రువం దగ్గర అది చుక్కగా మారిపోతుంది. ఏ వృత్తం మీదున్నా ఒక చుట్టు తిరగడానికి పట్టేది ఒక్క రోజే కాబట్టి, భూమధ్యరేఖ మీద నేల గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే 60° దగ్గర అందులో సగం వేగంతోనే తిరుగుతుంది. రాకెట్లను భూమధ్యరేఖకు దగ్గర్లోంచి తూర్పు వైపు వదిలితే ఆ వేగం ఉచితంగా కలిసొస్తుంది. ఫ్రెంచ్ గయానాలోని కూరూ కేంద్రం 5° దగ్గర ఉండటానికి ఇదొక కారణం.

35°41′ ఉ అనీ 35.68 అనీ రెండు రకాలుగా రాస్తారు. తేడా ఏమిటి?

రెండూ ఒకటే. నిమిషాలను 60తో భాగిస్తే దశాంశం వస్తుంది: 41ని 60తో భాగిస్తే 0.68. ఇది టోక్యో అక్షాంశం. దశాంశాల్లో రాసేటప్పుడు ఉత్తరానికి ఏ గుర్తూ ఉండదు, దక్షిణానికి ముందు మైనస్ పెడతారు. సిడ్నీ అక్షాంశం −33.87 అని కనిపించేది అందుకే. ఆ మైనస్ మర్చిపోతే సిడ్నీ ఉత్తరార్ధగోళంలోకి వెళ్లిపోతుంది.

దశాంశం తర్వాత ఎన్ని అంకెలు రాయాలి అని కూడా అడుగుతుంటారు. మూడు అంకెలు రాస్తే సుమారు 111 మీటర్ల వరకు తేల్చినట్టు, నాలుగైతే 11 మీటర్లు, ఐదైతే దాదాపు ఒక మీటరు. ఇంటి గుమ్మం చూపించడానికి ఐదు చాలు. ఫోన్ ఎనిమిది అంకెలు చూపించినంత మాత్రాన అది మిల్లీమీటర్ల వరకు కొలిచిందని కాదు.

ముందు అక్షాంశం రాయాలా, రేఖాంశం రాయాలా?

మనుషులు చదువుకునే చోట ముందు అక్షాంశమే రాయడం అలవాటు. కొన్ని కంప్యూటర్ ఫైళ్లలో మాత్రం రేఖాంశం ముందొస్తుంది. తారుమారైతే చాలాసార్లు వెంటనే తెలిసిపోతుంది. టోక్యో రేఖాంశం 139 దాటింది, అక్షాంశం 90 దాటదు కాబట్టి యాప్ ఒప్పుకోదు. ప్రమాదమంతా రెండు సంఖ్యలూ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే. కైరోది 30.04 ఉ, 31.24 తూ. వీటిని తిరగేసి కొడితే 31.24 ఉ, 30.04 తూ అవుతుంది. అది అలెగ్జాండ్రియా దరిదాపుల్లో, దాదాపు 175 కిలోమీటర్ల అవతల ఉంది. చూడటానికి చోటు సరైనదిలాగే ఉంటుంది, దేశం కూడా అదే. ఇలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం. అందుకే సంఖ్య పక్కన ఉ, ద, తూ, ప అని రాయమని గట్టిగా చెబుతాను.

జీపీఎస్ లేకుండా నా అక్షాంశం నేను కనుక్కోగలనా?

కనుక్కోగలరు. దయచేసి ఒక్కసారైనా చేసి చూడండి.

ఉత్తరార్ధగోళంలో ఉంటే రాత్రి పని తేలిక. ధ్రువ నక్షత్రం భూమి అక్షం చూపే దిక్కులో, దాదాపు ఉత్తర ధ్రువానికి నెత్తిన ఉంటుంది. ఉత్తర ధ్రువం మీద నిలబడితే అది నడినెత్తిన, 90° ఎత్తులో కనిపిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర నేలనీ ఆకాశాన్నీ కలిపే అంచున, 0° ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఎక్కడున్నా ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో మీ అక్షాంశం కూడా అంతే. చేయి బాగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10°. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోండి. మూడు పిడికిళ్లు పడితే మీరు 30° చుట్టుపక్కల ఉన్నట్టు. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే కోణమానినికి దారం, దారానికి బరువు కట్టి చూడొచ్చు. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీ కన్నా తక్కువ దూరంలోనే తిరుగుతుంటుంది కాబట్టి, చేత్తో కొలిచేటప్పుడు ఆ తేడా గురించి టెన్షన్ అక్కర్లేదు.

దక్షిణార్ధగోళంలో ఇంత అనువైన నక్షత్రం లేదు. అక్కడి ధ్రువానికి దగ్గరగా ఉన్నది చాలా మసక చుక్క. అందుకని సదరన్ క్రాస్ అనే నక్షత్రాల గుంపు పొడవును నాలుగున్నర రెట్లు సాగదీసి ధ్రువం ఎక్కడుందో అంచనా వేసుకుంటారు.

పగలైతే కర్ర, నీడ చాలు. మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖకు పైన ఉంటాడు. ఆ రోజు నిలువుగా పాతిన కర్ర నీడను కనిపెట్టుకుని ఉండి, అది అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. నీడ పొడవును కర్ర పొడవుతో భాగిస్తే మీ అక్షాంశం టాంజెంటు వస్తుంది. మీటరు కర్రకు 58 సెంటీమీటర్ల నీడ పడితే 30°. కర్రంత నీడ పడితే 45°. సరిగ్గా ఇదే కొలతను భారతీయ జ్యోతిశ్శాస్త్ర గ్రంథాల్లో పలభ అంటారు. పన్నెండు అంగుళాల శంకువుకు, అంటే నిలువుగా నిలిపిన పుల్లకు, ఆ రోజు మధ్యాహ్నం పడే నీడ అది. పలభ మూడు అంగుళాలు అంటే చాలు, చదివినవాళ్లకు అక్షాంశం 14° అని అర్థమైపోయేది. డిగ్రీ అనే మాట ఎత్తకుండా నీడ పొడవుతోనే ఒక చోటును చెప్పేశారన్న మాట.

మిగతా రోజుల్లో సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరానికో దక్షిణానికో జరిగి ఉంటాడు. ఆ జరుగుడును క్రాంతి అంటారు, అది పట్టికల్లో దొరుకుతుంది. ఉదాహరణకు జూన్ 21న క్రాంతి 23.4° ఉత్తరం. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడు మీ నడినెత్తికి 30° దక్షిణంగా కనిపిస్తే, 30కి 23.4 కలపండి. మీరు 53.4° ఉత్తరాన ఉన్నారు.

పూర్వం నావికులు దీన్ని ఎలా వాడుకున్నారు?

అరబ్బు నావికుల దగ్గర కమాల్ అనే చిన్న చెక్కపలక ఉండేది. పలకకు ఒక దారం, దారానికి ముడులు. దారాన్ని పళ్లతో పట్టుకుని పలకను కళ్ల ముందు చాచి, కింది అంచు సముద్రపు అంచును, పై అంచు ధ్రువ నక్షత్రాన్ని తాకేలా సర్దుకునేవాళ్లు. ఏ ముడి దగ్గర సరిపోతుందో దాన్నిబట్టి తాము ఏ రేవు అక్షాంశంలో ఉన్నారో తెలిసేది. రేవుకు చేరడానికి పద్ధతి కూడా సులువే: ముందు ఆ రేవు అక్షాంశం వచ్చేదాకా ఉత్తరానికో దక్షిణానికో పోవాలి, తర్వాత నక్షత్రం ఎత్తు మారకుండా చూసుకుంటూ నేరుగా తూర్పుకో పడమరకో పోవాలి. దారి చుట్టవుతుంది గానీ రేవు తప్పిపోదు.

ఇలా పోవాల్సి వచ్చింది రేఖాంశం చేతికి చిక్కకపోవడం వల్లే. దానికి కచ్చితమైన గడియారం కావాలి. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది కాబట్టి, గడియారంలో నాలుగు నిమిషాల తప్పుకు ఒక డిగ్రీ పోతుంది. ఊగే ఓడలో నిలకడగా నడిచే గడియారం 18వ శతాబ్దం దాకా లేదు. జాన్ హారిసన్ చేసిన గడియారాన్ని 1761లో జమైకా ప్రయాణంలో పరీక్షించాకే ఆ చిక్కు విడిపోవడం మొదలైంది. అప్పటికి అక్షాంశం తెలుసుకోవడం వచ్చి రెండు వేల ఏళ్లు దాటింది.

కర్కటరేఖ, మకరరేఖ సరిగ్గా అక్కడే ఎందుకున్నాయి?

భూమి అక్షం సుమారు 23.4° వాలి ఉంది. ఆ వాలు వల్లే సూర్యుడు ఏడాదిలో ఉత్తరాన ఆ మేరకు, దక్షిణాన ఆ మేరకు నడినెత్తికి రాగలడు. ఉత్తరపు హద్దు కర్కటరేఖ, దక్షిణపు హద్దు మకరరేఖ. ఈ రెండింటి మధ్య ఉన్న ఏ చోటైనా ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. హద్దులకు బయట ఉన్న చోట్ల ఆ దృశ్యం ఎన్నటికీ కనబడదు. 90లోంచి 23.4 తీసేస్తే 66.6 వస్తుంది. ధ్రువ వలయాలు అక్కడే ఉన్నాయి. అవి దాటితే ఏడాదిలో కనీసం ఒక రోజు సూర్యుడు అస్తమించడు, కనీసం ఒక రోజు ఉదయించడు.

ఆ వాలు నిదానంగా తగ్గుతోంది. కాబట్టి కర్కటరేఖ ఏటా దాదాపు 15 మీటర్లు దక్షిణానికి జరుగుతోంది. రోడ్డు పక్కన పాతిన బోర్డులు మాత్రం జరగవు.

ఒకే అక్షాంశంలో ఉన్న చోట్ల వాతావరణం ఒకేలా ఉంటుందా?

పగటి పొడవు ఒకేలా ఉంటుంది, సూర్యుడి ఎత్తు ఒకేలా ఉంటుంది. వాతావరణం ఉండాలని లేదు. రోమ్ 41.9° దగ్గర ఉంది, న్యూయార్క్ 40.7° దగ్గర. రోమ్ ఇంకా ఉత్తరానే ఉన్నా అక్కడ మంచు అరుదు, న్యూయార్క్‌లో మామూలే. లండన్ ఉన్న అక్షాంశంలోనే కెనడాలోని లాబ్రడార్ తీరం ఉంది, చలికాలంలో అక్కడ సముద్రం గడ్డకడుతుంది. సముద్ర ప్రవాహాలు, గాలులు, ఎత్తు, తీరానికి దూరం అన్నీ కలిసి ఈ తేడా తెస్తాయి. ఈక్వెడార్ రాజధాని కీటో దాదాపు భూమధ్యరేఖ మీదే ఉన్నా 2,850 మీటర్ల ఎత్తు వల్ల చల్లగా ఉంటుంది.

భూమి పూర్తి గుండ్రం కాదంటారు. మరి లెక్క తప్పదా?

కాస్త మారుతుంది. మొదటి జవాబులో చెప్పిన తాళ్ల పోలికను ఇక్కడ సవరించుకోవాలి. భూమి ధ్రువాల దగ్గర నొక్కినట్టు, నడుము దగ్గర ఉబ్బినట్టు ఉంది. నడుము దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. అందువల్ల మీ కాళ్ల కింద నిట్టనిలువుగా గీసిన గీత సరిగ్గా భూమి నడిబొడ్డుకు చేరదు. మ్యాపుల్లో, జీపీఎస్‌లో వాడే అక్షాంశం ఈ నిలువు గీత కోణమే. దానికీ నడిబొడ్డు నుంచి కొలిచే కోణానికీ మధ్య తేడా 45° దగ్గర అన్నిటికన్నా ఎక్కువ, దాదాపు 11.5 నిమిషాలు. నేల మీద అది 21 కిలోమీటర్లు!

ఈ ఆకారం సంగతి తేల్చడానికి 18వ శతాబ్దంలో పెద్ద ప్రయాణాలే చేశారు. ఫ్రెంచి శాస్త్రవేత్తల బృందం ఒకటి 1735లో ఇప్పటి ఈక్వెడార్‌కు, ఇంకొకటి 1736లో యూరప్ ఉత్తరపు కొసన ఉన్న లాప్‌లాండ్‌కు వెళ్లి ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద ఎంత పొడవుందో కొలిచాయి. ఉత్తరాన డిగ్రీ పొడవు ఎక్కువని తేలింది. ఇవాళ్టి లెక్కలో భూమధ్యరేఖ దగ్గర 110.57 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 111.69.

ఒక చోటి అక్షాంశం ఎప్పటికీ మారదా?

మారుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. భూమి తిరిగేటప్పుడు దాని ఒళ్లు అక్షం మీద కొద్దిగా తూగుతుంది. ధ్రువం కొన్ని మీటర్ల మేర సంచరిస్తుంటుంది, కాబట్టి భూమధ్యరేఖా ఆ మేరకు కదులుతుంది, అందరి అక్షాంశాలూ కాస్త అటూఇటూ అవుతాయి. సుమారు 14 నెలల ఈ తూగును 1891లో అమెరికా ఖగోళవేత్త సెత్ చాండ్లర్ బయటపెట్టాడు.

దాన్ని వెంటాడటానికి 1899లో అంతర్జాతీయ అక్షాంశ సేవ మొదలైంది. జపాన్‌లో మిజుసావా, ఇటలీలో కార్లోఫోర్టే, ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఒకటి, అమెరికాలో మూడు, మొత్తం ఆరు కేంద్రాలు. ఆరూ 39°08′ ఉత్తర అక్షాంశం మీదే పెట్టారు. అలా పెడితే అందరి నడినెత్తి మీదుగా అవే నక్షత్రాలు వెళ్తాయి, నక్షత్ర పట్టికలో ఏదైనా తప్పుంటే ఆరింటికీ ఒకేలా వస్తుంది, దాన్ని విడదీసి పక్కన పెట్టొచ్చు. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు సముద్రాలకు అటూఇటూ, ఒకే గీత మీద, రాత్రుళ్లు అవే చుక్కల్ని కొలుస్తూ గడిపారు.

ఖండాల కదలిక కూడా తోడవుతుంది. ఆస్ట్రేలియా ఏడాదికి దాదాపు 7 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. అక్కడి 1994 నాటి కొలతల వ్యవస్థకూ 2020 నాటి దానికీ మధ్య 1.8 మీటర్ల తేడా వచ్చింది.

దేశాల సరిహద్దులుగా అక్షాంశాలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. అమెరికా, కెనడాల మధ్య పశ్చిమ భాగంలో 49°, ఈజిప్ట్, సూడాన్‌ల మధ్య 22°. కొరియాను 1945లో 38° దగ్గర విడదీశారు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీసినవి కాబట్టి అక్కడ కొండ ఉందా, ఏరు ఉందా, ఊరు ఉందా అన్నది చూసుకోలేదు.

భూమధ్యరేఖ ఈక్వటోరియల్ గినీ గుండా పోతుందా?

పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారు. దాని నేలను ఆ రేఖ ఎక్కడా తాకదు. ప్రధాన భూభాగం రేఖకు ఉత్తరాన, అన్నోబోన్ దీవి దక్షిణాన ఉన్నాయి, రేఖ మధ్యలో సముద్రం మీదుగా వెళ్లిపోతుంది. కీటో దగ్గరి ప్రసిద్ధ భూమధ్యరేఖ స్మారకం కూడా జీపీఎస్ చూపే రేఖకు దాదాపు 240 మీటర్లు దక్షిణాన ఉంది.

అక్షాంశం మారడం నా కళ్లతో నేను చూడాలంటే?

ఉత్తర దక్షిణాలుగా ప్రయాణం ఉన్నప్పుడు, బయలుదేరే ముందు రాత్రి ధ్రువ నక్షత్రం ఎత్తు కొలిచి రాసుకోండి. చేరాక మళ్లీ కొలవండి. 9వ శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా అల్-మామూన్ పంపిన ఖగోళవేత్తలు సింజార్ మైదానంలో చేసింది ఇదే. ధ్రువం ఎత్తు ఒక డిగ్రీ మారేదాకా నేలను కొలుచుకుంటూ నడిచారు. పిడికిలితో ఒక్క డిగ్రీ తేడా పట్టడం కష్టం, కాబట్టి ప్రయాణం ఐదారు వందల కిలోమీటర్లయినా ఉండేలా చూసుకోండి. రెండుసార్లూ ఒకే చేతిని ఒకేలా చాచి కొలవండి.